ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత కాలేజీ వార్షిక సంచికలు: ఒక పాఠకుడి సమీక్ష

పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో అమెరికా కాలేజీ విద్యార్థులు ఎలా చదివారో, ఎలా ఆడారో, ఎవరిని తమవారనుకున్నారో తెలుసుకోవాలన్న కోరికతో ఎనిమిది నెలలుగా నేను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న ఆనాటి వార్షిక సంచికలు చదువుతున్నాను. ఈ విషయం మీద ఆసక్తి ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ సేవను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను. అయితే కావలసిన మాట టైపు చేసి, అది దొరికిన పుట మాత్రం చూసి వెళ్లిపోయేవారికి ఇక్కడ దక్కేది కొంచెమే. ముందు అట్ట దగ్గర మొదలుపెట్టి చివరనున్న వ్యాపార ప్రకటనల దాకా ఓపికగా పుటలు తిప్పినవారికే ఈ సంచికలు తమ కాలాన్ని చూపిస్తాయి.

ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన లాభాపేక్ష లేని సంస్థ. దాని కార్యాలయం శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంది. పాత వెబ్ పుటలను భద్రపరిచే సంస్థగా అది ఎక్కువమందికి తెలుసు గాని, గ్రంథాలయాల నుంచి వచ్చిన పుస్తకాలను పుట పుటా ఫోటో తీసి అందరికీ అందుబాటులో ఉంచడం కూడా దాని పెద్ద పనుల్లో ఒకటి. అనేక కాలేజీల గ్రంథాలయాలు తమ పాత వార్షిక సంచికలను ఇలా స్కాన్ చేయించి అక్కడ ఉంచాయి. పందొమ్మిదో శతాబ్దపు ప్రచురణలకు కాపీహక్కు గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి వాటిని చదవడానికి రుసుము లేదు, ఖాతా కూడా అక్కరలేదు. మొత్తం పుస్తకాన్ని పీడీఎఫ్ రూపంలో దించుకుని దాచుకోవచ్చు.

ఈ సంచికల్లో ఏముంటుందో తెలియాలంటే ఆ కాలేజీల్లో ‘క్లాస్’ అన్న మాటకు ఉన్న అర్థం ముందు తెలియాలి. అది పాఠం చెప్పే గది కాదు. మనం ‘బ్యాచ్’ అంటామే, అది. ఒకే ఏడాది చేరి, నాలుగేళ్ల తర్వాత ఒకే ఏడాది పట్టా పుచ్చుకోబోయేవారంతా ఒక క్లాస్. కాలేజీలో అడుగుపెట్టిన రోజునే విద్యార్థికి అతడు పట్టభద్రుడయ్యే సంవత్సరం రెండో పేరుగా అంటుకునేది. 1895లో పట్టా పొందవలసినవాడు ’95వాడు. ఆ రెండంకెలు అతడి పేరు పక్కన జీవితాంతం ఉండేవి. ప్రతి క్లాసుకూ ఎన్నికైన అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, చరిత్రకారుడు ఉండేవారు. సొంత రంగులు, సొంత నినాదం, సొంత జయఘోష, సొంత ఆటల జట్లు ఉండేవి. మొదటి ఏడాదివారిని ఫ్రెష్‌మెన్, రెండో ఏడాదివారిని సోఫమోర్లు, తర్వాతివారిని జూనియర్లు, సీనియర్లు అనేవారు. ఈ నాలుగు మెట్లలో ఎవరు ఏ మెట్టు మీద నిలబడాలో, ఏ మెట్టువారు చేతికర్ర పట్టుకుని తిరగవచ్చో, ఏ కంచె మీద కూర్చోవచ్చో కాలేజీ నియమావళిలో రాసి ఉండకపోయినా అందరికీ తెలుసు.

ఇదంతా యంత్రం చదివి ఇచ్చే అక్షరపాఠంలో కనబడదని నాకు మొదటి వారంలోనే అర్థమైంది. ఈ సేవలో ప్రతి పుస్తకానికీ ఫోటో పుటలతో పాటు, యంత్రం చదివి తయారుచేసిన అక్షరపాఠం కూడా ఉంటుంది. వెతుకులాట పనిచేసేది దాని మీదే. ఆనాటి విద్యార్థి సంపాదకులకు అలంకారపు అక్షరాల మీద మోజు ఎక్కువ. శీర్షికను కొమ్మల్లా వంచుతారు, పేర్లను రెండు మూడు నిలువు వరుసల్లో పేరుస్తారు, క్లాసు అంకెలను బొమ్మలో కలిపేస్తారు. ఏ యంత్రమైనా ఇక్కడ తడబడుతుంది. ’94 అన్నది ఒకచోట విడి అంకెలుగా, మరోచోట అర్థం లేని గుర్తులుగా మారిపోతుంది. కాబట్టి వెతికినప్పుడు దొరకనిదల్లా పుస్తకంలో లేనట్టేనని అనుకోకూడదు. ఫోటో పుటలను రెండేసి చొప్పున తెరిచి చదివితే మాత్రం ఒక్కో క్లాసు పుట మీద గీసిన చిహ్నం, దాని చుట్టూ అల్లిన బొమ్మ, దాని కింద బారులు తీరిన పేర్లు కలిసి ఒక సైన్యం జెండాను చూసినట్టే ఉంటుంది. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ పుట తిప్పే పద్ధతే: అసలు పుస్తకంలో ఎడమన ఉన్నది ఎడమనే, కుడిన ఉన్నది కుడినే కనబడుతుంది, ఖాళీ పుటలు కూడా ఉన్నచోటే ఉంటాయి.

కొత్తగా చదవబోయేవారికి సంవత్సరాల గురించి ఒక మాట చెప్పాలి; ఇది తెలియక నేను చాలా రోజులు తప్పుదారిలో నడిచాను. ఆ కాలంలో చాలా కాలేజీల్లో వార్షిక సంచికను ప్రచురించే బాధ్యత జూనియర్ క్లాసుది. వారు దానిమీద తమ క్లాసు అంకెనే వేసుకునేవారు. అంటే అట్ట మీద ’95 అని ఉన్న సంచిక సాధారణంగా 1893–94 విద్యా సంవత్సరంలో తయారైనదై ఉంటుంది. ఆ ఏడాది సీనియర్లు ’94వారు, సోఫమోర్లు ’96వారు, ఫ్రెష్‌మెన్ ’97వారు. ఈ లెక్క మనసులో పెట్టుకోకుండా వెతుకులాటలో సంవత్సరం ఇస్తే, మనకు కావలసిన ఆట గాని సభ గాని వేరే సంచికలో కూర్చుని ఉంటుంది. అట్ట మీది అంకెను, లోపలి శీర్షిక పుట మీది ముద్రణ సంవత్సరాన్ని రెండిటినీ చూసుకోవాలి.

ఈ సేవకు రాకముందు నేను డబ్బు ఖర్చు పెట్టి ఒక సంచిక పునర్ముద్రణను తెప్పించుకున్నాను. కోరినప్పుడు ఒక్కో ప్రతి అచ్చువేసి పంపే సంస్థల్లో అది ఒకటి; పేరు చెప్పను. వచ్చిన పుస్తకంలో బొమ్మలు నల్లటి మరకల్లా ఉన్నాయి, మడతపెట్టిన పటం మడత విప్పకుండానే ఫోటో తీశారు, చివరి ప్రకటనల భాగాన్ని అనవసరమనుకుని పూర్తిగా తీసేశారు. ఆ చివరి నష్టం నన్ను ఎక్కువ బాధపెట్టింది. దర్జీలు, ఫోటో స్టూడియోలు, టోపీల దుకాణాలు, గుర్రపు బళ్లు అద్దెకిచ్చేవారు, క్లాసు విందులకు హోటళ్లు ఇచ్చిన ఆ ప్రకటనల డబ్బుతోనే సంచికలు చాలావరకు నడిచాయి; విద్యార్థి రోజు ఎలా గడిచిందో, చేతి డబ్బు ఎటు పోయిందో చెప్పే పుటలు అవే. తర్వాత అదే సంచిక ఉచిత స్కాన్‌ను తెరిస్తే ప్రకటనలన్నీ ఉన్నాయి, పటం విప్పి ఉంది. అందుకే కొనే ముందు ఉచిత ప్రతి ఉందేమో చూడమని అందరికీ చెబుతున్నాను.

బొమ్మల విషయంలో చదివే దశకాన్ని బట్టి ఏమి ఆశించాలో తెలుసుకోవడం మేలు. 1880ల వరకు సంచికల్లో చెక్కుడు బొమ్మలే ఎక్కువ. ఫోటోను నేరుగా అచ్చువేసే హాఫ్‌టోన్ పద్ధతి 1880లలో మొదలై 1890లలో వ్యాపించాక జట్ల ఫోటోలు, సంఘాల ఫోటోలు పుటలను నింపాయి. ముఖాలు చూడాలనుకునేవారు 1890ల సంచికలతో మొదలుపెట్టవచ్చు. చేతిపనితనం ఇష్టపడేవారికి 1870ల, 80ల సంచికలే ఎక్కువ ఆనందం ఇస్తాయి, నాకు ఇచ్చినట్టు.

ఇక అసలు విషయం, క్లాసు అభిమానం. ఫ్రెష్‌మెన్‌కూ సోఫమోర్లకూ మధ్య జరిగే తోపులాటలు దాదాపు ప్రతి కాలేజీలోనూ ఉండేవి. వాటిలో పేరు మోసింది చేతికర్ర పోరు. కొత్తవారికి చేతికర్ర పట్టుకునే అర్హత లేదన్నది సోఫమోర్ల మాట. ఆ మాటను కాదని ఫ్రెష్‌మెన్ ఒక కర్రతో మైదానంలోకి వస్తే రెండు క్లాసులూ మీద పడి పెనుగులాడేవి. గడువు ముగిశాక కర్ర మీద ఏ క్లాసువారి చేతులు ఎక్కువ ఉన్నాయో లెక్కపెట్టి గెలుపు చెప్పేవారు. సంచికల్లో ఈ పోరుల ఫలితాలను పరుగుపందేల ఫలితాలతో సమానంగా, అంతే శ్రద్ధతో అచ్చువేశారు. యేల్‌లో ఆవరణ మూల కంచె మీద ఏ క్లాసు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయమై ఉండేది. 1888లో ఆస్బర్న్ హాల్ కట్టడం కోసం ఆ కంచెను తీసేసినప్పుడు విద్యార్థులు, పూర్వ విద్యార్థులు ఎంత బాధపడ్డారో ఆ కాలపు రాతలు చదివితేనే తెలుస్తుంది. ఒక చెక్క కంచె పోయినందుకు అంత దుఃఖమా అని మొదట నేనూ అనుకున్నాను. నాలుగేళ్ల కాలేజీ జీవితంలో ఒక్కో మెట్టు ఎక్కానని అందరి కళ్లముందూ చూపించే చోటు అదేనని తెలిశాక ఆ దుఃఖం అర్థమైంది.

పక్కపక్క క్లాసులు శత్రువులైతే, ఒకటి విడిచి ఒకటి మిత్రులవుతాయి. సోఫమోర్లతో పోరాడే ఫ్రెష్‌మెన్‌కు జూనియర్లు అండగా నిలబడేవారు. అలా కాలేజీ మొత్తం సరి సంవత్సరాలవారు, బేసి సంవత్సరాలవారు అని రెండు పక్షాలుగా చీలేది. ఆమ్‌హర్స్ట్‌లో 1857లో కానుకగా వచ్చిన సబ్రీనా అనే కంచు విగ్రహం చుట్టూ ఈ చీలిక పెద్ద కథగా పెరిగింది: సరి క్లాసులు దాన్ని దాచిపెట్టి తమ విందులకు తెచ్చుకోవడం, బేసి క్లాసులు దాన్ని ఎత్తుకుపోవాలని చూడడం తరాల తరబడి సాగాయి. స్త్రీల కాలేజీల్లోనూ ఇదే అల్లిక కనబడుతుంది. 1893 మార్చి 22న స్మిత్ కాలేజీలో వ్యాయామ శిక్షకురాలు సెండా బెరెన్సన్ ఆడించిన ఆట, కాలేజీ స్త్రీల బాస్కెట్‌బాల్ చరిత్రలో తొలి పోటీగా ప్రసిద్ధమైంది. ఆ ఆట కనిపెట్టి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. ఆడినవారు ’95 సోఫమోర్లు, ’96 ఫ్రెష్‌మెన్. మగవారిని లోపలికి రానివ్వలేదు. వ్యాయామశాల పై వరండా రెండు క్లాసుల రంగులతో నిండిపోగా, ఒక పక్క సోఫమోర్లతో సీనియర్లు, మరో పక్క ఫ్రెష్‌మెన్‌తో జూనియర్లు నిలిచి ఉత్సాహంగా పోటీపడ్డారు. ఆటను క్రీడాచరిత్రగా మాత్రమే చదివేవారు ఆ వరండాను పట్టించుకోరు. వార్షిక సంచికలు కొన్ని వరుసగా చదివినవారికి మాత్రం ఆ రంగులు చూడగానే ఎవరు ఎవరి పక్షమో తెలిసిపోతుంది.

ఈ అభిమానానికి చీకటి పార్శ్వం కూడా ఉంది, దాన్ని దాటవేసి ఈ సంచికలను మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. మొదటి ఏడాదివారి క్లాసు విందును చెడగొట్టడం సోఫమోర్లకు ఆనవాయితీ. 1894 ఫిబ్రవరిలో కార్నెల్ ఫ్రెష్‌మెన్ విందు జరుగుతున్న భవనంలోకి క్లోరిన్ వాయువును పంపారు. వంట పనిలో ఉన్న ఒక స్త్రీ మరణించింది. అది చేసినవారికి శిక్ష పడలేదు. ఆ ఏడాది సంచికల్లో విందుల పుటలు తిప్పుతున్నప్పుడు ఈ సంగతి మనసులో లేకపోతే మనం చదివింది సగమే. ఇలాంటివి సంచికల్లోనే వెతక్కుండా అదే సేవలో ఉన్న ఆ కాలపు పత్రికలను కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

సంచికలు చెప్పనివాటిలో జాతి వివక్ష మరొకటి. క్లాసు పేర్ల జాబితాలో అందరి పేర్లూ ఒకే అచ్చులో, ఒకే వరుసలో ఉంటాయి. ఆ సమానత్వాన్ని చూసి మోసపోకూడదు. నల్లజాతివారి కోసం నెలకొల్పిన ఫిస్క్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని 1888లో హార్వర్డ్‌లో జూనియర్‌గా చేరిన నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్‌ను అక్కడి గాయక బృందం చేర్చుకోలేదు. తాను హార్వర్డ్‌లో ఉన్నాడే గాని హార్వర్డ్‌వాడు కాలేదని ఆయన తర్వాత రాసుకున్నారు. డుబోయిస్ ఉన్న ఆ 1890 క్లాసువారే మరో నల్లజాతి విద్యార్థి క్లెమెంట్ మోర్గన్‌ను తమ క్లాస్ డేకు, అంటే పట్టా పుచ్చుకునే ముందు సీనియర్లు జరుపుకునే వేడుకకు, వక్తగా ఎన్నుకున్నారు. ఆమ్‌హర్స్ట్‌లో విలియం హెన్రీ లూయిస్ ఫుట్‌బాల్ జట్టుకు నాయకుడయ్యాడు, 1892 క్లాసుకు వక్త అయ్యాడు. అతడి తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. వాసర్ కాలేజీలో 1897లో పట్టా పొందిన అనీటా హెమ్మింగ్స్ గాయక బృందంలో పాడింది. ఆమె నల్లజాతి కుటుంబం నుంచి వచ్చిందని అక్కడ అప్పటికి ఎవరికీ తెలియదు. పట్టా పొందడానికి కొద్దిరోజుల ముందు, ఆమెతో ఒకే గదిలో ఉండే విద్యార్థిని తండ్రి విచారణ చేయించడంతో అది బయటపడింది. హార్వర్డ్ గాయక బృందం తలుపు మూసింది, వాసర్ గాయక బృందం తెలియక తలుపు తెరిచింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చూశాక, ఏ గాయక బృందం ఫోటో వచ్చినా నేను కాసేపు ఆగుతున్నాను.

అన్ని కాలేజీల్లోనూ క్లాసు పట్టు ఒకేలా లేదు, సంచికలను పోల్చి చదివితే ఆ తేడా తెలుస్తుంది. లాటిన్, గ్రీకు, గణితం అందరూ కలిసి చదవవలసిన చోట, పొద్దున్నే అందరూ కలిసి ప్రార్థనకు హాజరు కావలసిన చోట ఒక క్లాసువారు రోజంతా ఒకరి ముఖం ఒకరు చూసేవారు. హార్వర్డ్‌లో 1869లో అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ ఎవరికి కావలసిన విషయాన్ని వారు ఎంచుకునే పద్ధతిని విస్తరించడంతో ఒకే క్లాసువారు వేర్వేరు గదులకు చెదిరిపోయారు. 1886లో అక్కడ నిర్బంధ ప్రార్థన కూడా పోయింది. యేల్‌లో ఆ నిర్బంధం 1926 వరకు నిలిచింది, క్లాసు అభిమానమూ అక్కడ గట్టిగా నిలిచింది. విద్యార్థికి స్వేచ్ఛ పెరిగితే బ్యాచ్ బంధం పలచబడుతుందన్న ఈ విషయాన్ని ఎలియట్ వైపు నుంచి చూస్తే లాభంగానూ, పూర్వ విద్యార్థుల వైపు నుంచి చూస్తే నష్టంగానూ కనబడుతుంది. నేను ఎలియట్ వైపే ఉన్నాను. అయినా ఆ పాత పేర్ల పుటలు చదువుతున్నంతసేపూ నా మనసు రెండో వైపుకు లాగుతూనే ఉంది.

సేవ గురించి మిగిలిన కొద్ది మాటలు. హాథీట్రస్ట్ అనే మరో డిజిటల్ గ్రంథాలయం కూడా 2008 నుంచి ఉంది; ఒకచోట లేని సంచిక రెండోచోట దొరకవచ్చు కాబట్టి రెండూ చూడాలి. కొన్ని కాలేజీలు తమ సంచికలను తమ సొంత వెబ్‌సైట్లలోనే ఉంచుకున్నాయి. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగినప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ కొన్ని రోజులు మూతపడింది. తర్వాత తిరిగి తెరుచుకుంది. అందుచేత మనసుకు నచ్చిన సంచికను అప్పటికప్పుడే దించుకుని దాచుకోవడం మంచిది. ఫోన్ చిన్న తెర మీద పేర్ల జాబితాలు చదవడం కష్టం. పెద్ద తెర ఉంటేనే ఈ పుస్తకాలకు న్యాయం జరుగుతుంది.

మొదలుపెట్టేవారికి నా సలహా ఒక్కటే. నచ్చిన కాలేజీని ఎంచుకుని ఏదో ఒక క్లాసును ఆ కాలేజీ సంచికల్లో నాలుగేళ్లు వరుసగా వెంబడించండి. మొదటి సంచికలో ఆ క్లాసు ఫ్రెష్‌మెన్‌గా అన్నిటికన్నా పెద్ద జాబితాతో కనబడుతుంది. రెండో సంచికలో కొన్ని పేర్లు లేవు. మూడో సంచికను వారే తయారుచేశారు కాబట్టి తమ పుటను అన్నిటికన్నా శ్రద్ధగా అలంకరించుకుని ఉంటారు. నాలుగో దానికి వచ్చేసరికి పేర్లు ఇంకా తగ్గుతాయి. చదువు సాగకో, డబ్బు చాలకో, ఆరోగ్యం చెడో వెళ్లిపోయినవారు వారు. అయితే చాలా సంచికల్లో క్లాసు జాబితా ముగిశాక చిన్న అక్షరాలతో మరో జాబితా ఉంటుంది: మధ్యలో విడిచి వెళ్లినవారి పేర్లు. పట్టా రాకపోయినా వారు ఆ అంకెవారే. ఆ చిన్న అక్షరాల జాబితా దగ్గరికి వచ్చినప్పుడు దయచేసి తెరను పెద్దది చేసుకుని ఒక్కో పేరూ చదవండి.